కుస్కో కోసం కొన్న బ్యాగులు

నలభై లీటర్ల బ్యాక్‌ప్యాకులు రెండు మూడు నెలలుగా మా అల్మరా మీద పడున్నాయి. ఆఫర్‌లో కొన్నవి, ట్యాగులు కూడా తీయలేదు. అవి పెరూ కోసం కొన్నవి. పెరూనే ఎందుకు అంటే రీల్స్ చూసి అని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. ఇద్దరికీ ఆఫీసు పని మీద తీసుకున్న అమెరికా వీసాలున్నాయి. అవి ఉన్న భారతీయులకు పెరూ టూరిస్టు వీసా అక్కర్లేదని తెలిసిన రాత్రే ఎక్సెల్ షీట్ తెరిచాం. లిమాలో రెండు రోజులు, కుస్కోలో ఆరు రోజులు, మచుపిచ్చు ఒక రోజు. ఇక్కడి నుంచి నేరుగా విమానం లేదు, రెండు మూడు చోట్ల దిగి ఎక్కాలి. ఇద్దరి టికెట్లకే మూడు లక్షలు దాటేలా ఉంది కాబట్టి మిగతాదంతా చౌకగా లాగించాలి. హాస్టల్లో గది, మార్కెట్లో తిండి, లోకల్ బస్సు.

యాప్‌లో స్పానిష్ కూడా మొదలుపెట్టాను. ‘క్వాంతో క్వెస్తా’ అంటే ఎంత అని. ‘హాబితాసియోన్ మాత్రిమోనియాల్’ అని హాస్టళ్ల సైట్లలో కనిపిస్తే పెళ్లయిన వాళ్లకేనేమో అనుకున్నా. తీరా చూస్తే డబుల్ కాట్ ఉన్న గదిని వాళ్లు అలా అంటారట. పెళ్లి అయిందా లేదా అని అక్కడ ఎవరూ అడగరు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

సెప్టెంబర్‌లో మా ఆయన ఉద్యోగం పోయింది. పదిహేను నిమిషాల వీడియో కాల్, సాయంత్రానికి ల్యాప్‌టాప్ లాక్. ఐటీలో ఉన్నవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు, లేనివాళ్లకు ఎంత చెప్పినా సగమే అర్థమవుతుంది. ఉప్పల్‌లో ఉండే మా అత్తమామలకు మాత్రం చెప్పలేదు. నెల నెలా వాళ్లకు పంపే 15,000 పంపుతూనే ఉన్నాడు. ఆదివారం వెళ్లినప్పుడు ‘పని ఎట్టుంది’ అని మామయ్య అడిగితే ‘బిజీ నాయనా’ అంటాడు. పక్కన కూర్చుని నేను పప్పు వడ్డించుకుంటూ ఉంటాను.

పెరూ ఎక్సెల్ షీట్ మూసేశాం. నవంబర్ చివర్లో ఒక రాత్రి తనే లేచి, స్టూలేసుకుని బ్యాగులు కిందికి దించాడు.

“మా ఊరు పోదాం. బ్యాక్‌ప్యాకింగే. నేను కూడా టూరిస్టునే అక్కడ.”

మా ఆయనది మార్కాపురం. ఊరొదిలేటప్పటికి తొమ్మిదేళ్లు, 2006లో. ఆ తర్వాత ఒక్కసారి కూడా వెళ్లలేదు. నాది గుడివాడ వైపు. మాకు పొలానికి కాలవ ఉంటుంది, కాలవలో నీళ్లుంటాయి. ప్రకాశం జిల్లా పడమటి వైపు అంటే నాకు తెలిసింది న్యూస్‌లో వచ్చే ఫ్లోరైడ్, కరువు, ఈ రెండే. రూల్స్ అక్కడే రాసుకున్నాం. నాలుగు రోజులు, ఇద్దరికీ కలిపి 6,000. కారు మాట్లాడుకోకూడదు. చుట్టాల ఇళ్లకు వెళ్లకూడదు. చివరి రూల్ తనదే. చుట్టాలకు తెలిస్తే సాయంత్రానికల్లా ఉప్పల్‌కు తెలుస్తుంది.

హైదరాబాద్ నుంచి మార్కాపురానికి మ్యాపులో దగ్గర దారి శ్రీశైలం ఘాట్ మీదుగా కనిపిస్తుంది. కానీ అది టైగర్ రిజర్వు అడవి, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేట్లు వేసేస్తారు. అందుకని మా రాత్రి బస్సు సాగర్, మాచర్ల మీదుగా తిరిగి వెళ్లింది. డిసెంబర్ మొదటి వారం, సోమవారం తెల్లవారుజామున అయిదున్నరకు మార్కాపురం బస్టాండులో దిగాం. చలి బాగానే ఉంది. టీ కొట్టు అతను మా బ్యాగులు చూసి “శ్రీశైలం పోతన్నారా? మాల లేదే?” అన్నాడు. ఊరు చూడ్డానికొచ్చాం అంటే నవ్వి, ఇంకో టీ ఊరికే ఇచ్చాడు. నమ్మలేదని అర్థం.

మొదటి లాడ్జిలో గది ఇవ్వలేదు. నా ఆధార్‌లో మా నాన్న పేరు, కృష్ణా జిల్లా అడ్రసు. తన ఆధార్‌లో హైదరాబాద్ అడ్రసు. ఇంటిపేర్లు వేరు. కౌంటర్లో ఉన్నాయన రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి, కాపీ కొట్టిన పేపర్లు దొరికిన మాస్టారిలా చూశాడు. నా మెడలో గొలుసు ఉంది గానీ అది స్వెట్టర్ లోపల ఉంది, తీసి చూపించాలని నాకు అనిపించలేదు. పెళ్లికాని ఇద్దరు గది తీసుకోవడాన్ని తప్పనే చట్టమేదీ లేదని 2019లో మద్రాస్ హైకోర్టు చెప్పింది. పొద్దున ఆరింటికి, బస్సులో నిద్రలేని మొహంతో, అది చెప్పి వాదించే ఓపిక ఎవరికుంటుంది? మాత్రిమోనియాల్ గది అక్కడ మార్కెట్లో దొరికినంత తేలిగ్గా ఇక్కడ మ్యారేజి సర్టిఫికెట్ ఉంటేనే దొరుకుతుందన్నమాట.

రెండో లాడ్జిలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఆమెకు ఆధార్ కంటే మా పెళ్లి ఫొటోల మీద ఆసక్తి ఎక్కువ. ఫోన్లో పదిహేను ఫొటోలు చూసింది. “ఈ చీర యాడ కొన్నావు పాపా?” అని అడిగింది. గది 700. బకెట్ వేడినీళ్లు ఊరికే పంపింది. జంటగా తిరిగేవాళ్లకు నా సలహా ఒక్కటే, ఆధార్‌లో అడ్రసులు ఒకేలా ఉండేట్టు చూసుకోండి. లేదా పెళ్లి ఆల్బమ్ ఫోన్లో పెట్టుకోండి.

ఆ గదిలో గోడకు ‘బోరు నీళ్లు తాగవద్దు’ అని స్కెచ్ పెన్నుతో రాసి అంటించి ఉంది. కుస్కోకు వెళ్లేవాళ్లకు మొదట చెప్పే మాట కూడా కుళాయి నీళ్లు తాగొద్దనే. ఇక్కడ కారణం వేరు. పడమటి ప్రకాశంలో చాలా చోట్ల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. మరిగించినా పోదు, ఇంకా చిక్కబడుతుంది. అందుకే వీధి వీధికీ ప్లాంటు నీళ్ల డబ్బాలు. టీ కొట్టు దగ్గర మాటల్లో వెలిగొండ రాకుండా ఉండదు. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు, శ్రీశైలం నీళ్లు నల్లమల కింద నుంచి రెండు సొరంగాల్లో ఇటు తేవాలి. ఒక్కోటి సుమారు 19 కిలోమీటర్లు. శంకుస్థాపన జరిగింది 1996లో. మా ఆయన పుట్టక ముందు. మేం వెళ్లేనాటికి ఊళ్లో దానికి పోటీగా ఇంకో కబురు నడుస్తోంది, మార్కాపురం కొత్త జిల్లా అవుతుందని. 1970లో ఒంగోలు కేంద్రంగా జిల్లా కట్టినప్పుడు కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపును తీసి కలిపారు. రెండేళ్ల తర్వాత దానికి ప్రకాశం పేరు పెట్టారు. “కర్నూలోళ్లం కాకపోతిమి, ఒంగోలోళ్లమూ కాకపోతిమి” అన్నాడు ఒక పెద్దాయన. ఇప్పుడు కలెక్టర్ ఇంటి ముందే ఉంటాడని ఆయన సంబరం.

నేను అందరినీ ‘అండి’ అంటుంటే ఆ బెంచీ మీద వాళ్లకు తెగ నవ్వొచ్చింది. “మీది గోదారా?” అని అడిగారు. కృష్ణా అంటే “అదే అదే” అన్నారు.

మధ్యాహ్నం చెన్నకేశవస్వామి గుడి చూశాం. పెద్ద గుడి, చల్లటి రాతి మండపం. నాకు అక్కడే నిద్రొచ్చింది. కానీ తన ధ్యాస గుడి మీద లేదు. “పలకల షెడ్లు చూద్దాం” అని మూడోసారి అన్నాడు.

మార్కాపురం పలకలు అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. మన అమ్మానాన్నలు అక్షరాలు దిద్దిన రాతి పలక చాలామటుకు ఈ ఊరిదే. మా మామయ్య పలకల యూనిట్లో పనిచేసేవాడు. పని తగ్గిపోయాక, కూలి సరిపోక, భార్యనీ కొడుకునీ తీసుకుని హైదరాబాద్ వచ్చి గ్రానైట్ షాపులో చేరాడు. ఇంతవరకే నాకు తెలుసు. మా ఇంట్లో ఆయన ఆ రోజుల గురించి మాట్లాడగా నేను వినలేదు.

షెడ్డు కనుక్కోవడానికి గంట పట్టింది. తనకు గుర్తున్న వీధిలో ఇప్పుడు అన్నీ సెల్‌ఫోన్ షాపులూ, కోచింగ్ బోర్డులూ. వాళ్లు అద్దెకున్న ఇల్లు ఉన్న చోట మూడంతస్తుల బిల్డింగ్. దాని ముందు నిలబడి తను ఒక్క ఫొటో కూడా తీయలేదు. చివరికి ఊరి అంచున ఒక రేకుల షెడ్డు దొరికింది. లోపల ఏడెనిమిది మంది, అంతా బూడిద రంగు దుమ్ము. అరవై దాటిన ఒకాయన కింద కూర్చుని రాయి చీలుస్తున్నాడు.

అది చూడ్డానికే వెళ్లొచ్చు ఆ ఊరికి. పలక రాయి పుస్తకంలా ఉంటుంది, పొర మీద పొర. ఆయన ముందు రాయిని అటూ ఇటూ తిప్పి అంచు చూశాడు. సన్నటి ఉలి ఒక చోట ఆనించి సుత్తితో చిన్నగా తట్టాడు. కొట్టడం కూడా కాదు, తట్టడమే. కొంచెం పక్కకు జరిపి మళ్లీ తట్టాడు. నాలుగో దెబ్బకు ఒక పొర, పేజీ తిప్పినట్టు, మొత్తంగా లేచొచ్చింది. నేను ప్రయత్నిస్తానంటే ఇచ్చారు. నా రాయి మూడు ముక్కలైంది. తను తీసుకున్నాడు. అంచు చూసే తీరు, తల వంచే తీరు అచ్చం ఎదురుగా ఉన్న పెద్దాయనలానే ఉంది. సగం దాకా చీలి ఆగిపోయింది.

“ఎవురి పిల్లోడివి?” అన్నాడు ఆయన.

నాన్న పేరు చెప్పాడు. పెద్దాయన ఆలోచించి, గుర్తు లేదన్నాడు. చాలామంది ఉండేవాళ్లట. సినిమాల్లో అయితే గుర్తొచ్చేది.

“ఏం పని చేస్తన్నావు అబ్బయ్యా?”

“సాఫ్ట్‌వేర్.”

“జీతాలు బానే వస్తయ్యంట గదా.”

“వచ్చేది. మూడు నెల్లయింది పోయి.”

నేను తల తిప్పి చూశాను. మూడు నెలల్లో తను ఆ మాట బయటివాళ్లతో అనడం అదే మొదటిసారి. ఫ్రెండ్స్ గ్రూపులో రాయలేదు. లింక్‌డిన్‌లో పెట్టలేదు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అడిగినా వర్క్ ఫ్రమ్ హోమ్ అనేవాడు. ఇక్కడ, ముక్కూ మొహం తెలియని మనిషికి, టైమ్ ఎంతయిందో చెప్పినంత మామూలుగా చెప్పేశాడు.

పెద్దాయన తల కూడా ఎత్తలేదు. “మాకూ అంతే. ప్లాస్టిక్ పలకలొచ్చినయ్. ఆనక బళ్లల్లో అందరూ నోటు పుస్తకాలే. ఇంగ పలకెవరికి గావాల? ఇప్పుడు గోడలకేసే టైల్స్ కోస్తన్నాం. ఇదే రాయి. బయట దేశాలకు కూడా పోతది.”

“మీరు పోలేదా ఊరొదిలి?”

“యాడికి పోదు? నాకొచ్చింది రాయి చీల్చడమే. మీ నాయన పోయినాడు గదా, ఆడేం జేసినాడు?”

“గ్రానైట్ షాపు.”

“అదీ రాయే గదా,” అని పగలబడి నవ్వాడు. మేమూ నవ్వాం. షెడ్డులో ఇంకా చెక్క ఫ్రేమున్న పలకలు కొన్ని కట్టలుగా ఉన్నాయి, అక్షరాభ్యాసాలకు అడుగుతారట. ఒకటి 80 రూపాయలకు కొన్నాడు. దుమ్ము నా ముక్కులోంచి మర్నాటి దాకా పోలేదు. మామయ్య దగ్గు గురించి అత్తయ్య అనే మాటలు నాకు అప్పుడు గుర్తొచ్చాయి గానీ తనతో అనలేదు.

మంగళవారం పొద్దున త్రిపురాంతకం. ఇక్కడ నా ఆధార్ పగ తీర్చుకుంది. లాడ్జిలో పనికిరాని ఆ కృష్ణా జిల్లా అడ్రసు వల్ల ఆర్టీసీ బస్సులో నాకు సున్నా టికెట్. ఆగస్టు 15 నుంచి ఆంధ్రా మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కదా. తనకు టికెట్ కొట్టించి, నేను కిటికీ దగ్గర కూర్చున్నాను. త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు ద్వారం అంటారు. కొండ మీద శివుడు, కింద చెరువులో బాలాత్రిపురసుందరి. కొండ మీద గాలి బాగుంది. మిగతాది భక్తులు రాస్తే బాగుంటుంది, నాకు అంత తెలియదు. మధ్యాహ్నానికి వెనక్కి వచ్చేసి మార్కాపురం రోడ్ స్టేషన్లో కంభానికి రైలెక్కాం. ఇద్దరికీ 60 రూపాయలు.

కంభంలో తన జేజి ఉండేది. వేసవి సెలవులన్నీ అక్కడే. కాబట్టి మార్కాపురం కంటే కంభమే తనకు ఎక్కువ గుర్తు. లేదా గుర్తుందని అనుకుంటున్నాడు. చెరువు కట్ట మీద నుంచి చూస్తే అవతలి ఒడ్డు కనపడదని నాకు పెళ్లికి ముందు నుంచీ చెప్తున్నాడు. నేను నమ్మలేదు. గుడివాడ వాళ్లకు చెరువు అంటే చేపల చెరువు.

ఆటో దిగి కట్ట ఎక్కాక మాట్లాడలేదు నేను. అవతలి ఒడ్డు కనబడుతుంది, కానీ దాన్ని ఒడ్డు అనడం కంటే దూరపు కొండలు అనడం నయం. ఆశ్చర్యం నీళ్ల పొడవు కంటే కట్ట పొట్టితనం. అంత నీటిని ఆపిన కట్ట చాలా చిన్నది. నల్లమల నుంచి వచ్చే గుండ్లకమ్మ, రెండు కొండల మధ్య ఉన్న ఇరుకు సందులోంచి బయటికి పోయేదట. ఎవరో ఆ సందును కనిపెట్టి, అక్కడొక్కచోట మూశారు. అంతే. మిగతా గోడలన్నీ కొండలే. డ్యామ్ ఇంజినీరింగ్ చదివిన మా క్లాస్‌మేట్లకు ఈ చెరువును ఒక్క లెక్చర్‌లో కూడా ఎందుకు చూపించలేదో నాకు తెలియదు. కృష్ణదేవరాయల కాలంలో వరదరాజమ్మ అనే గజపతుల ఆడబిడ్డ కట్టించిందని చెప్పుకుంటారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది.

మచుపిచ్చు కట్టింది 15వ శతాబ్దంలో. అంటే ఈ కట్టకూ దానికీ మధ్య తేడా వందేళ్లు కూడా ఉండకపోవచ్చు. అక్కడ కొండల మీద ఇంకాలు సున్నం లేకుండా రాళ్లు పేరుస్తుంటే, ఆ తర్వాత కొద్దికాలానికే ఇక్కడ వీళ్లు కొండల మధ్య నీళ్లు కట్టేశారు. దానికి నెలల ముందు ఆన్‌లైన్లో టికెట్ బుక్ చేసుకోవాలి, ఏ టైముకు లోపలికి వెళ్లాలో కూడా రాసి ఉంటుంది. ఇక్కడ టికెట్ లేదు. బోర్డు ఉంది గానీ దాని ముందు గేదె పడుకుంది.

రీల్స్‌లో తిరిగే జంటలు పోట్లాడుకోరు. సూర్యాస్తమయం వైపు తిరిగి, అమ్మాయి ముందు, చెయ్యి వెనక్కి చాపి. మేం కట్ట మీదే పోట్లాడుకున్నాం.

పెరూ ఖాతాలో 3,40,000 ఉంది. రెండేళ్లుగా ఇద్దరం చెరి సగం వేసింది. తన సొంత సేవింగ్స్ డిసెంబర్‌తో అయిపోతాయి. జనవరి నుంచి నాన్నకు పంపేది ఆ ఖాతాలోంచి పంపుతానన్నాడు.

“పంపు,” అన్నాను. “చెప్పి పంపు.”

“చెప్తే తీసుకోరు.”

“అది వాళ్లిష్టం కదా.”

“నాయన మళ్లీ షాపుకు పోతానంటాడు. ఆ దగ్గుతో.”

అంటే దగ్గు సంగతి తనకూ తట్టిందన్నమాట. నేను తగ్గి ఉండాల్సింది ఏమో, తగ్గలేదు. నా డబ్బు కూడా ఉంది కాబట్టి అడిగే హక్కు ఉందన్నాను. అది నిజమే గానీ ఆ మాట వినడానికి బాగోలేదు. డబ్బు పోయినా నాకు బాధ లేదు, నెల నెలా నేను కూడా ఆ ఇంట్లో కూర్చుని నటించాలి, అది నా వల్ల కాదు అన్నాను. తను నీళ్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. సైకిల్ మీద చేపల బుట్టతో వెళ్తున్న ఒకాయన మా దగ్గర ఆగి “ఏమన్నా పారేసుకున్నారా?” అని అడిగాడు. లేదని చెప్పాం. అయినా ఓ నిమిషం కింద వెతికి వెళ్లాడు.

కట్ట నుంచి ఊళ్లోకి నడిచాం, తను ముందు, నేను ఓ యాభై అడుగులు వెనక. జేజి ఇల్లు దొరికింది. ఇప్పుడు వేరే వాళ్లున్నారు. వాకిట్లో వేపచెట్టు ఉంది. లోపలి నుంచి ఒకావిడ వచ్చి, ఎవరు కావాలి అని అడిగి, సంగతి విని, లోపలికి రమ్మంది. రూల్ ప్రకారం చుట్టాలింటికి వెళ్లకూడదు, కానీ వీళ్లు చుట్టాలు కాదు. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల పచ్చడి పెట్టింది. తన పిల్లాడు బెంగళూరులో సాఫ్ట్‌వేరేనట. “ఏమో నాయనా, ఫోన్ చేస్తే బాగుండానంటాడు. బాగుండాడో లేదో మాకెట్ట తెల్సు?” అంది. తను రొట్టె నములుతూ తల ఊపాడు. నేను పచ్చడి కారానికి కళ్లు తుడుచుకున్నాను. నిజంగానే కారం.

ఆ రాత్రికి గిద్దలూరు చేరాం. ఇక్కడ లాడ్జిలో ఏమీ అడగలేదు. రిజిస్టర్‌లో ‘ఎందుకు వచ్చారు’ అనే గడిలో తను ‘టూరిజం’ అని రాస్తే, కుర్రాడు చదివి, పైన రాసినవన్నీ చూపించాడు. ‘పెండ్లి’, ‘బ్యాంకు పని’, ‘కోర్టు’, ‘ఆసుపత్రి’. ఆ పేజీలో టూరిస్టులం మేం ఇద్దరమే. గది 800.

బుధవారం నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడికి వెళ్లాం, రాచర్ల మండలంలో, నల్లమల అంచున. శనివారాల్లో జనం బాగా వస్తారు, అప్పుడైతే షేర్ ఆటోలు దొరుకుతాయి. బుధవారం కావడంతో ఆటో మొత్తం మాట్లాడుకోవాల్సి వచ్చింది. 700. బడ్జెట్ అక్కడ తెగిపోయింది. నెమలి రూపంలో ఒక ఋషి ముక్కుతో తవ్విన గుండం అని కథ. మేం వెళ్లేసరికి గుడి మూసి ఉంది. రాళ్ల మధ్య నీళ్లు, చుట్టూ అడవి, కోతులు తప్ప ఎవరూ లేరు. రెండు గంటలు కూర్చున్నాం. ఆటో అతను నీడలో పడుకుని నిద్రపోయాడు. నీళ్లలో కాళ్లు పెట్టుకుని తను అన్నాడు, “నిన్న షెడ్డులో ఆయనకి చెప్పినప్పుడు ఏం కాలేదు చూశావా.” నిన్న కాదు, మొన్న. రోజులు కలిసిపోతున్నాయి. నేను చూశానన్నాను. అంతకుమించి ఇద్దరం మాట్లాడలేదు. పోట్లాట అక్కడితో అయిపోయిందో, ఆగిందో తెలియదు.

గిద్దలూరులో రాత్రి ఎనిమిదికి వీధిలో నడుస్తుంటే నాకు భయం వేయలేదు. కానీ ప్రతి అరుగు మీది నుంచీ ‘ఎవురింటికి?’ అనే ప్రశ్న మాత్రం వచ్చింది. ఎవరింటికీ కాదు అంటే జాలిగా చూస్తారు. కుస్కోలో మనల్ని ఎవరూ పట్టించుకోరు, అదే అక్కడి సుఖం అని అక్కడికి వెళ్లొచ్చిన మా కొలీగ్ చెప్పింది. రెండిట్లో ఏది నయమో నేనింకా తేల్చుకోలేదు.

గురువారం పొద్దున గిద్దలూరు నుంచి నంద్యాలకు రైలు. ఈ ముక్క కోసమైనా మీరు వెళ్లండి. టికెట్ ఇద్దరికీ 80. దిగువమెట్ట దాటాక రైలు నల్లమలలోకి దూరుతుంది. రెండు పక్కలా వెదురు, ఎర్రమట్టి గట్లు, మలుపు తిరిగినప్పుడల్లా మన రైలు ఇంజినే మనకు కిటికీలోంచి కనిపిస్తుంది. తర్వాత పొడుగాటి సొరంగం. బోగీలో పిల్లలందరూ ఒక్కసారి అరిచారు, ఆ అరుపు కోసమే ఎదురుచూసినట్టు. ఒకప్పటి మీటర్‌గేజ్ లైను వేరే దారిలో వెళ్లేదట. ఆ దారిలో దొరబావి దగ్గర లోయ మీద తెల్లవాళ్ల కాలం నాటి ఎత్తైన వంతెన ఉండేది, బ్రాడ్‌గేజ్ వచ్చాక దాన్ని వదిలేశారు. చిన్నప్పుడు జేజితో ఒకసారి మహానందికి పోతూ ఈ అడవిలో రైలు కిటికీ కడ్డీలు గట్టిగా పట్టుకున్నట్టు గుర్తుందన్నాడు. వంతెన గుర్తు లేదట. ఉండాలని కాసేపు ప్రయత్నించాడు.

నంద్యాల ప్లాట్‌ఫాం మీద లెక్క రాసుకున్నాం. రానుపోను 1,700. గదులు 2,300. ఆటోలు 850. రైళ్లు, బస్సు 320. తిండి 1,100. పలక 80. మొత్తం 6,350. మూడొందల యాభై ఎక్కువ. హైదరాబాద్ రైలుకు ఇంకా టైముంది. తను పలకను బ్యాగులోంచి తీసి, బెంచీ మీద పెట్టి, ఫొటో తీసి వాళ్ల నాన్నకు వాట్సాప్ చేశాడు. ఏమీ రాయలేదు. ఒట్టి ఫొటో.

రెండు నిమిషాల్లో ఫోన్. స్పీకర్ పెట్టాడు.

“అది మార్కాపురం పలక గదరా. యాడిది?”

“మార్కాపురందే నాయనా. పోయినాం.”

“మీరిద్దరా? ఎప్పుడు?” ఆపైన ప్రశ్నల మీద ప్రశ్నలు. ఏ షెడ్డు, ఏ వీధి, రాయి ఏ గనిదంట, ఎవరు చీల్చారు. పెద్దాయన ఎలా ఉన్నాడో తను చెప్తుంటే ఆయన ఇద్దరు ముగ్గురి పేర్లు అన్నాడు. అంచు ఎలా ఉందో చూడమన్నాడు, గోరుతో గీకమన్నాడు, తట్టి చప్పుడు వినిపించమన్నాడు. తను ఫోన్ దగ్గర పెట్టి వేలితో పలక మీద కొట్టాడు. “ఆఁ, మంచిదే,” అన్నాడు ఆయన. మూడేళ్లలో మామయ్య అంతసేపు మాట్లాడటం నేను వినలేదు.

తర్వాత కాసేపు ఆగి, “ఈరోజు గురువారం గదరా?” అన్నాడు.

“అవును నాయనా.”

“ఆదివారం బస్సెక్కినారు. గురువారం దాకా సెలవెట్ట ఇచ్చినారు?”

ప్లాట్‌ఫాం మీద ఏదో అనౌన్స్‌మెంట్ వచ్చింది. అది అయిపోయే దాకా ఇద్దరూ ఆగారు. నేను లెక్క రాసిన కాగితం మడతపెడుతూ ఉన్నాను.

“సెలవు కాదు నాయనా. ఉద్యోగం పోయింది. సెప్టెంబర్లోనే.”

అవతల టీవీ చప్పుడు వినపడుతోంది. ఎవరో దాన్ని తగ్గించారు. అత్తయ్య ఏదో అడిగింది, ఆయన ‘ఉండు’ అన్నాడు.

“పలకకు ఎంత తీసుకున్నారు?”

“ఎనభై.”

“నలభై ఇయ్యాల దానికి,” అన్నాడు మామయ్య. “తిన్నారా మీరు?”